ఎనిమిదో రీలు

నవంబరు 3, సోమవారం

పొద్దున ఏడింటికి, ఇంకా పళ్ళు కూడా తోముకోకముందే, చెన్నై నుంచి ఎవరో ఫోన్ చేసి మా తాతయ్య మంచం కింద ఉన్న రేకు డబ్బా గురించి అడిగారు.

పేరు ఫిలిప్ అట. తెనాలి మనిషి, చెన్నైలో స్థిరపడ్డారు. పాత సినిమాల ప్రింట్లు, పోస్టర్లు సేకరిస్తారు. మొదట "ఉష గారేనాండి" అన్నారు. నా గొంతు విన్నాక "అమ్మా" అనేశారు. డబ్బా నిజంగా ఉందా, మీ కళ్ళతో చూశారా అని మూడుసార్లు అడిగారు. ఉందండీ, నిన్న చీపురు తగిలి చప్పుడు కూడా అయింది అన్నాను.

ఇదంతా కాలేజీలో కనకలక్ష్మి మేడమ్ ఇచ్చిన పని వల్ల వచ్చింది. ఏదైనా ఒక వృత్తిలో వాడే మాటలు సేకరించి తెమ్మన్నారు. క్లాసులో అందరూ చేనేతో వ్యవసాయమో తీసుకున్నారు. నేను తాతయ్య పని తీసుకున్నాను. తాతయ్య ముప్ఫయ్యేళ్ళు సినిమా హాల్లో ఆపరేటరు. పైన క్యాబిన్లో నిలబడి బొమ్మ వేసే మనిషి. డబ్బా మూత మీద అంటించిన కాగితంలో ఇంగ్లీషు కాని మాటలు కనిపిస్తే, అది ఏ భాషో తెలుసుకుందామని ఫోటో తీసి నా పేరు, నంబరుతో నెట్‌లో పాత సినిమాల వాళ్ళ గుంపులో పెట్టాను. పదిరోజులైంది. మర్చిపోయాను కూడా.

హంగరీ భాషట. 1962లో తీసిన నలుపు తెలుపు సినిమా. అసలు పేరు నాకు నోరు తిరగలేదు. ఇక్కడి ఫిల్మ్ సొసైటీ వాళ్ళు కరపత్రంలో 'రేవు దీపం' అని వేశారట. ఒక నది, ఒక రేవు, యుద్ధానికి వెళ్ళిన మొగుడి కోసం రోజూ సాయంత్రం రేవులో దీపం పెట్టే మనిషి. మొత్తం ఎనిమిది రీళ్ళు. ఆ దేశం పెద్దలకి చివరి రీలు నచ్చక తీయించేశారు. ఇప్పుడు లోకంలో ఎక్కడ దొరికినా ఏడు రీళ్ళే. బయటి దేశాలకి పంపిన ఒకటి రెండు కాపీల్లో మాత్రం ఎనిమిదీ ఉండేవి. అలాంటిదొకటి డెబ్బైల్లో మన దేశంలో ఊరూరా తిరిగి, మద్రాసు చేరి, ఆ తర్వాత కనిపించకుండా పోయింది.

మా డబ్బా మీద ఎనిమిది అంకె ఉంది.

రేవు. ఈ మాటని ఇవాళ బస్సులో కూడా నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. చిన్న మాట. నోరు సగం తెరిచి మూసేలోపు అయిపోతుంది.

నవంబరు 4, మంగళవారం

తాతయ్యని అడిగాను. మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. షుగరు వల్ల చూపు దాదాపు పోయింది, కిటికీ వెలుతురు ఎటుందో మాత్రం తెలుస్తుంది.

"తాతయ్యా, ఆ డబ్బాలో ఏముంది?"

"బొమ్మ."

"ఏం బొమ్మ?"

"బొమ్మ కాదులే. బొమ్మ చివర."

ఒకాయన చెన్నై నుంచి ఫోన్ చేశారని చెప్పాను. దానికి లోకంలో చాలా విలువుందట అన్నాను. ఎవరికీ ఇచ్చేది కాదు, ఒకళ్ళ కోసం ఉంచాను అన్నాడు. ఎవరి కోసమో చెప్పలేదు. నేనూ గట్టిగా అడగలేదు. వెంటనే మాట మార్చి నా నోట్సుకి పనికొచ్చేవి చెప్పాడు. రీలు అయిపోవచ్చేటప్పటికి తెర మీద కుడివైపు పై మూలన ఒక చుక్క మెరుస్తుంది. చూసేవాళ్ళకి తెలియదు, ఆపరేటరుకి తెలుస్తుంది. చుక్క పడగానే రెండో మిషను అందుకోవాలి, లేకపోతే తెర తెల్లబోతుంది.

'తెర తెల్లబోతుంది.' రాసుకుని రెండుసార్లు గీత గీశాను.

నవంబరు 6, గురువారం

ఫిలిప్ గారు మళ్ళీ చేశారు. డబ్బా దగ్గర వంగితే పుల్లటి వాసన వస్తుందా అని అడిగారు.

వస్తుంది. ఇన్నాళ్ళూ అది తాతయ్య మందుల వాసన అనుకున్నాను. నూడుల్స్ బండి దగ్గర వెనిగర్ వాసన వస్తుందే, అలాంటిది. ఫిల్ము లోపల్లోపల కుళ్ళుతున్నట్టు గుర్తట. మొన్నటి తుఫాను తడి ఇంకా మా గోడల్లోనే ఉంది. తడి తగిలితే మరీ త్వరగా పోతుందట. "వేసవి దాకా ఆగదమ్మా. ముందు ముడుచుకుంటుంది, తర్వాత అతుక్కుంటుంది, ఆ తర్వాత పొడి." ఆయన గొంతులో నిజంగా భయం ఉంది. మన ఇంట్లో మనిషికి బాగోలేదని చెబుతున్నట్టు.

తాతయ్యకీ వేసవి దాకా అని ఎవరూ అనడం లేదు. కిడ్నీలు. డయాలసిస్ వద్దన్నాడు. "రీలు ఎంతుంటే అంతే బొమ్మ" అన్నాడు డాక్టరుతో. డాక్టరుకి అర్థం కాలేదు, అమ్మకి అయింది. బయటికొచ్చి వరండాలో కళ్ళు తుడుచుకుంది.

నవంబరు 9, ఆదివారం

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదే, ఇవాళ మాత్రం జాగ్రత్తగా చూశాను. ఆదివారం పొద్దున కాఫీ తాగాక తాతయ్య డబ్బా పైకి తీయించుకుంటాడు. ఒళ్ళో పెట్టుకుని పంచె కొంగుతో చుట్టూ తుడుస్తాడు. తర్వాత బోర్లా తిప్పుతాడు, వచ్చే ఆదివారం మళ్ళీ వెల్లకిలా. ఒకే వైపు ఉంటే ఫిల్ము బరువంతా ఒక పక్కకి దిగి అతుక్కుంటుందట. మూత ఎప్పుడూ తీయడు. ఎందుకు తీయవు తాతయ్యా అంటే, తీస్తే చూడాలనిపిస్తుంది అన్నాడు.

అంటే తాతయ్య కూడా చూడలేదు!

ఈ సంగతి ఫిలిప్ గారికి చెప్పాను. ఆ సినిమా మీద అంత పిచ్చి ఎందుకండీ అని అడిగాను. అందులో దీపం పెట్టే మనిషిగా నటించినావిడ వేసిన సినిమా అదొక్కటే అన్నారు. ఆ ముందూ లేదు, తర్వాతా లేదు, ఏమైందో తెలియదు. చేత్తో గీసిన పోస్టర్లు ప్రపంచం మొత్తం మీద నాలుగు మిగిలాయి, ఒకటి ఆయన హాల్లో ఉంది. వాళ్ళావిడ దాని మీద దుప్పటి కప్పుతుందట, ఇంటికొచ్చినవాళ్ళు ఈవిడెవరని అడుగుతున్నారని. ఏడు దేశాల్లో ఓ ముప్ఫైమంది ఉన్నారు ఈ సినిమా పిచ్చివాళ్ళు. ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు గానీ ఉత్తరాల్లో కొట్టుకుంటారు. మొగుడు తిరిగొస్తాడని కొందరు, రాడని కొందరు. మన దగ్గర హీరోల అభిమానులు నయమమ్మా అని నవ్వారు.

"చూసింది ఎంత బాగున్నా ఒకనాటికి పాతబడుతుందమ్మా. చూడనిది మాత్రం మనిషిని వదలదు."

ఈ మాట విన్నప్పటి నుంచీ నాకూ చూడాలని ఉంది. ఆవిడ ముఖం ఎలా ఉంటుందో కూడా తెలియదు. కానీ ఆ రేవులో మొగుడు దిగాడో లేదో నాకు తెలియాలి.

నవంబరు 11, మంగళవారం

తాతయ్యకి చెప్పాలి. రేపు చెబుతాను.

నవంబరు 12, బుధవారం

ఇచ్చేశాను.

ఫిలిప్ గారు నిన్న సాయంత్రమే వచ్చి స్టేషన్ ఎదురుగా లాడ్జిలో దిగారు. పొద్దున చెన్నై బండికి వెళ్ళిపోవాలి. అమ్మ పాలకి వెళ్ళిన పది నిమిషాల్లో డబ్బా కాలేజీ బ్యాగులో పెట్టాను. తాతయ్య నిద్రపోతున్నాడు. మంచం కింద దూరినప్పుడు ఆయన చెయ్యి వేలాడుతూ నా తల మీద తగిలింది. లేవలేదు.

ఆయనకి అరవై ఉంటాయి. సన్నగా, బడిలో లెక్కల మాస్టారిలా ఉన్నారు. కొత్త ప్లాస్టిక్ డబ్బా తెచ్చుకున్నారు. ప్లాట్‌ఫాం బెంచీ మీద ఫిల్ముని అందులోకి మార్చారు, పాత డబ్బా నాకు కావాలన్నానని. పైచుట్టు జిగురుగా ఉంది. విప్పి చూడండీ అన్నాను. ఇక్కడ విప్పితే చిరుగుతుంది, వారం రోజులు మెత్తబరిచి విప్పాలి అన్నారు. ఆ మాట అంటూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు, తాకాలనిపిస్తుందేమో అన్నట్టు. డబ్బు మాట ఎత్తారు, వద్దన్నాను. విప్పగానే కాపీ పంపిస్తానన్నారు. ఆ ముప్ఫైమందిలో మొదట చూసేది మీరేనమ్మా అన్నారు. బండి కదిలేటప్పుడు కిటికీలోంచి దండం పెట్టారు. నాకంటే మూడింతలు పెద్దాయన.

ఇంటికొచ్చి పాత దిండు గలేబులో రెండు కిలోల బియ్యం పోసి, గుండ్రంగా సర్ది, డబ్బాలో పెట్టి మూత బిగించాను. తాతయ్య కంగారు పడకూడదని. అంతే.

నవంబరు 13, గురువారం

నేను చేసింది తప్పు కాదు. డబ్బు తీసుకోలేదు. కుళ్ళిపోయేదాన్ని కాపాడాను. విషయం తెలిస్తే తాతయ్యే మెచ్చుకుంటాడు. తెలియాల్సిన అవసరం కూడా లేదు.

ఇవాళ నోట్సులోకి కొత్త మాటలేవీ రాలేదు.

నవంబరు 14, శుక్రవారం

నేను చేసింది తప్పు కాదు.

నవంబరు 16, ఆదివారం

తాతయ్య డబ్బా అడిగాడు. తీసిచ్చాను. తుడిచాడు. తిప్పబోయి సగంలో ఆగాడు. చేతుల్లో నిలువుగా పట్టుకుని అలాగే ఉన్నాడు, కిటికీ వైపు ముఖం పెట్టి. నేను మడతమంచం బట్ట సర్దుతున్నట్టు నటించాను. తర్వాత నెమ్మదిగా తిప్పి పెట్టి, తీసుకో అన్నాడు. అంతే.

ఏమీ గమనించలేదు. గమనిస్తే అడిగేవాడు కదా. వేళ్ళలో స్పర్శ కూడా తగ్గిందని డాక్టరు చెప్పారు.

ఇడ్లీ ఒక్కటే తిన్నాడు.

నవంబరు 17, సోమవారం

తాతయ్య అన్నం సగం వదిలేశాడు. నీరసం వల్ల అయి ఉంటుంది.

నవంబరు 19, బుధవారం

ఇవాళ అమ్మమ్మ రోజు. ప్రతి ఏడూ ఈ తారీఖున ఇంట్లో చేప వండరు, తాతయ్య పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు. డాక్టరు తిట్టినా అంతే. అమ్మమ్మ పేరు మంగాయమ్మ. దివిసీమలో వాళ్ళమ్మ గారింటికి వెళ్ళి డెబ్బై ఏడు నవంబరులో సముద్రం పైకొచ్చినప్పుడు పోయింది. అప్పటికి మా అమ్మకి రెండేళ్ళు, ఇక్కడ తాతయ్య వాళ్ళ అక్క దగ్గర ఉంది. అమ్మమ్మ దొరకలేదు. నాకు తెలిసింది ఇంతే. మా ఇంట్లో ఉప్పెన అనే మాట ఎవరూ అనరు. 'ఆ నీళ్ళు' అంటారు. నా నోట్సులో ఆ మాట ఒకసారి రాసి, అర్థం రాయకుండా కొట్టేశాను.

మధ్యాహ్నం అమ్మ నిద్రపోయింది. నేను తాతయ్య పక్కన కూర్చుని చదువుకుంటున్నాను.

"అమ్మడూ, బియ్యానికి పురుగు పడుతుంది. తీసి పోసెయ్యి."

పుస్తకం అలాగే పట్టుకుని కూర్చున్నాను.

"పార్సిల్లో పంపావా, మనిషి చేతికిచ్చావా?"

"మనిషి చేతికే తాతయ్యా."

"మంచిది. పార్సిల్లో విసిరేస్తారు."

తిట్టలేదు. తిడితే బాగుండేది. కాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన నా జుట్టులో చెయ్యి పెట్టి, పోనీలే అని కూడా అనకుండా, చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఇక్కడ రాస్తున్నవి ఆయన మాటలు కాదు, నాకు గుర్తున్నవి. ఆయన మధ్యమధ్యలో ఆగాడు. ఆ ఆగడాలని రాయడం నాకు రాదు.

ఆదివారం మార్నింగ్ షో. డెబ్బై ఏడు నవంబరు పదమూడు. సొసైటీ వాళ్ళకి హాలు పదకొండు దాకానే ఇచ్చారు, ఆ తర్వాత మ్యాట్నీ జనం రోడ్డు దాకా నిలబడతారు. ముందు ఏదో డాక్యుమెంటరీ వేశాడు, అది కూడా ఆ సినిమాతో పాటే మద్రాసు నుంచి వచ్చింది. మొత్తం తొమ్మిది డబ్బాలు. అమ్మమ్మ క్యాబిన్లో ఉంది. ఆపరేటర్ల ఆడవాళ్ళు అక్కడి నుంచే చూసేవాళ్ళు, గోడలో చిన్న అద్దపు కిటికీలోంచి. బొమ్మ కింద మాటలకి అర్థంగా పడే ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకి రావు. తాతయ్య అర్థం చెప్పబోతే వద్దందట. సముద్రం మీదికి మగవాళ్ళని పంపి ఒడ్డున నిలబడే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు నువ్వు చెప్పేదేంటి అందట.

ఏడో రీలు ఆఖర్లో కరెంటు పోయింది. జనరేటరు ఆ వారం రిపేరులో ఉంది. పావుగంట చూశారు. కింద మ్యాట్నీ జనం గోల. మేనేజరు పైకొచ్చి అరుస్తున్నాడు. సొసైటీ సెక్రటరీ చీకట్లో మెట్ల దగ్గర నిలబడి, అంతేనా బంగార్రాజూ, ఇంకా ఉందా అన్నాడు. తాతయ్య, అంతేనండి, అయిపోయింది అన్నాడు. తెర మీద ఆఖరుగా కనిపించింది ఆవిడ దీపం పట్టుకుని నీళ్ళవైపు చూడడం. హాల్లో జనం లేచి చప్పట్లు కొట్టారట, ఎంత గొప్ప ముగింపో అని. సెక్రటరీ దాని మీద పత్రికలో వ్యాసం కూడా రాశాడు.

ఒక్క మనిషే నమ్మలేదు. మిషను మీద ఎక్కించి ఉన్న రీలుని చూపించి, మరి ఇదేంటి, ఆ మనిషి వచ్చాడా లేదా అని అడిగింది.

తాతయ్య చీకట్లోనే రీళ్ళు దించి డబ్బాల్లో పెట్టి, ఎనిమిది డబ్బాలు స్టేషనుకి పంపాడు. ఒకటి ఉంచుకున్నాడు. సోమవారం పొద్దున హాలు ఖాళీగా ఉంటుంది, ఈవిడకి ఒక్కదానికే వేసి, మంగళవారం పంపించేద్దామని. సోమవారం తెల్లారేసరికి అమ్మమ్మ తమ్ముడు వచ్చాడు, చెల్లెలికి పురుడు, తీసుకురమ్మన్నారని. ఆవిడ బస్సుకి బయల్దేరుతూ కూడా అడిగింది, పది నిమిషాలే కదా, చూసి వెళ్తాను అని. నాలుగు రోజుల్లో వచ్చేస్తాగా అని పిల్లని కూడా వదిలి వెళ్తోంది.

"వచ్చాక చూద్దువుగానిలే అన్నాను. ఆశ పెడితే త్వరగా వస్తుంది కదా అని." తాతయ్య చెయ్యి నా తల మీద ఆగిపోయింది. "పది నిమిషాల బొమ్మ దాచుకుని మనిషిని పంపించేశాను."

నేను లేచి ఆయన వీపు వెనక దిండు సర్దాను. అప్పుడు అన్నాడు, నాకు చుక్క పడింది అమ్మడూ, మన దగ్గర రెండో మిషను లేదు. వాళ్ళు విప్పి చూశాక నాకు ఒక్క మాట చెప్పు. వచ్చాడా, లేదా. మీ అమ్మమ్మ అడుగుతుంది.

చెబుతాను తాతయ్యా అన్నాను.

నవంబరు 20, గురువారం

సాయంత్రం కాలేజీ బయట, బస్టాపులో ఉండగా ఫిలిప్ గారు ఫోన్ చేశారు.

"అది కాదమ్మా" అన్నారు.

ఏది కాదండీ అన్నాను. చప్పుళ్ళలో సరిగా వినపడలేదేమో అనుకున్నాను. ఆయన మళ్ళీ చెప్పారు. రీలు మొత్తం విప్పాం. తేనెటీగల పెంపకం మీద డాక్యుమెంటరీ. పదకొండు నిమిషాలు. తేనెపెట్టెలు, ముఖానికి వల కట్టుకున్న మనిషి, ఒక పిల్లవాడు వేలు నాకడం. చీకట్లో మా తాతయ్య ఎనిమిదో రీలుని తేనెటీగల డబ్బాలో, తేనెటీగల్ని ఎనిమిదో నంబరు డబ్బాలో పెట్టేశాడు. అసలు రీలు ఆ రాత్రే మద్రాసు బండి ఎక్కేసింది. అక్కడ దాన్ని విప్పి చూసినవాళ్ళు లేరు. అక్కడి గోడౌనులో సరుకంతా తర్వాత ఫిల్ము కరిగించి గాజులు చేసేవాళ్ళకి పోయిందని ఆయనకి ముందే తెలుసు.

నవ్వారు. తర్వాత చాలాసేపు దగ్గారు. అది దగ్గు కాదని నాకు తెలుసు. నేను క్షమించండి అన్నాను. ఆయన వద్దమ్మా, వెతికేవాళ్ళకి ఇది అలవాటే అన్నారు.

పెట్టేసే ముందు ఇంకొకటి చెప్పారు. డాక్యుమెంటరీకి సినిమా మొదటి రీలుని కలిపి అతికి వేసేవాళ్ళు, తర్వాత కత్తిరించి విడదీసేవాళ్ళు. అలా కత్తిరించినప్పుడు తేనెటీగల చివర సినిమావి ఎనిమిది ముక్కలు మిగిలిపోయాయి. ఒక్కోటి గోరంత. ఆవిడ అగ్గిపుల్ల పట్టుకుని ఉంటుంది. ఇంకా వెలిగించలేదు. ఎనిమిదీ కలిపితే సెకనులో మూడోవంతు. "మీ తాతగారు ఒప్పుకుంటే అవి నేను ఉంచుకోవచ్చా అమ్మా? ఆయన్నే అడగండి. ఆయనవి."

మూడు బస్సులు వెళ్ళిపోయాయి.

నవంబరు 21, శుక్రవారం

తాతయ్య అడిగాడు, ఏమైనా తెలిసిందా అని.

ఇంకా విప్పలేదట తాతయ్యా, ఆదివారం చెబుతామన్నారు అన్నాను.

కాళ్ళు బాగా వాచాయి. నాన్న పనిచేసే ఊరి నుంచి సెలవు పెట్టి వచ్చేశారు.

నవంబరు 22, శనివారం

పొద్దున్నుంచీ ఈ నోట్సులో చివరి రీలు రాస్తున్నాను. మాటలంటే ఇష్టమని చెప్పుకునేదాన్ని కదా, పది నిమిషాల బొమ్మని మాటల్లో వేయలేనా అనుకున్నాను.

మొదట మొగుణ్ణి రప్పించాను. పొగమంచులోంచి పడవ వచ్చింది, గడ్డం పెరిగిన మనిషి దిగాడు, ఆవిడ దీపం ఎత్తి ముఖం చూసింది. చాలా బాగా వచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను. తాతయ్యకి చదివి వినిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. యుద్ధానికి వెళ్ళినవాడు పదేళ్ళకి తిరిగొచ్చాడు, నాలుగు రోజుల్లో వస్తానన్న మనిషి మాత్రం రాలేదు. కొట్టేశాను.

తర్వాత రానివ్వలేదు. దీపం ఆరిపోయింది, నీళ్ళు నల్లగా ఉన్నాయి. నల్లటి నీళ్ళు అని రాశాక ఎవరికి చెబుతున్నానో గుర్తొచ్చి కలం ఆగిపోయింది. దాన్నీ కొట్టేశాను. సాయంత్రానికి నాలుగు ముగింపులు అయ్యాయి. అన్నీ అందంగా ఉన్నాయి. అన్నీ అబద్ధాలు. ఫిల్ము తీసుకుని దాని చోట బియ్యం పెట్టాను. ఇప్పుడు బొమ్మ తీసుకుని దాని చోట ఇవి పెట్టబోతున్నాను.

నిజం చెబితే? నలభై ఎనిమిదేళ్ళు వారం వారం తుడిచి తిప్పింది తేనెటీగల్ని అని ఈ మనిషికి ఈ స్థితిలో ఎలా చెప్పడం.

అమ్మతో అంతా చెప్పేశాను. వంటింట్లో, చపాతీ పిండి కలుపుతుంటే. డబ్బా సంగతి, బియ్యం సంగతి, తేనెటీగలు. అమ్మ కొట్టలేదు. పిండిలో చేతులు అలాగే పెట్టి నిలబడింది. అమ్మకి వాళ్ళమ్మ ముఖం గుర్తులేదు, ఒక్క ఫోటో కూడా లేదు. తర్వాత తనకి తెలిసినదొకటి చెప్పింది, తనని పెంచిన పెద్దత్త చెప్పగా విన్నది. మీ అమ్మమ్మ నవ్విందంటే క్యాబిన్లోంచి కింద హాల్లోకి వినపడేదట. ఏడుపు సీను నడుస్తుంటే ఈవిడ ఏదో తలుచుకుని పైన నవ్వేదట. మేనేజరు పైకొచ్చి, బంగార్రాజూ, మీ ఆవిడని ఇంటి దగ్గర ఉంచు అనేవాడట. అది చెబుతూ అమ్మ నవ్వబోయింది, కుదరలేదు.

వంటింట్లోంచి ఇక్కడికి వచ్చి కూర్చున్నాను. చాలాసేపటికి తట్టింది.

ఆ సోమవారం పొద్దున తాతయ్య సరే అన్నాడనుకుందాం. తమ్ముణ్ణి కాసేపు కూర్చోమని, ఆవిడని హాలుకి తీసుకెళ్ళాడనుకుందాం. ఖాళీ హాలు, ఆవిడ ఒక్కతే, మిషను తిరిగింది. ఏం కనిపించేది? తేనెటీగలు. అంటే తాతయ్య ఆవిడకి చూపించకుండా దాచిందేమీ లేదు. ఆ చివర ఆయన దగ్గర ఎప్పుడూ లేదు. ఆయన చూపిద్దామన్నా చూపించలేడు. ఆ మనిషి వచ్చాడో లేదో తాతయ్యకి తెలియదు, ఫిలిప్ గారికి తెలియదు, నాకు తెలియదు, అమ్మమ్మకి తెలియదు. ఆవిడ ఒక్కతే తెలియకుండా పోలేదు.

ఇది ఓదార్పో కాదో నాకు తెలియదు. విని తాతయ్య ఏమంటాడో కూడా తెలియదు. ఆ డబ్బాని పట్టుకునే ఇన్నేళ్ళు బతికాడేమో, అది తీసేస్తున్నానేమో. కానీ అడిగింది ఒక్క మాట. ఆ మాట నా దగ్గర లేదని చెప్పాల్సింది నేనే.

ఎలా చెప్పాలో ఒక కాగితం మీద రాసుకున్నాను. పెద్ద మాటలన్నీ తీసేశాక నాలుగు వాక్యాలు మిగిలాయి.

రేపు ఆదివారం. ఐదింటికి లేస్తాను. బియ్యం తీసేసి, డబ్బా లోపల ఆ పుల్లటి వాసన పోయేలా కడక్కుండా, పొడిబట్టతో తుడుస్తాను. చక్కెర లేని కాఫీ ఇస్తాను. తాగడం అయ్యాక ఖాళీ డబ్బా తాతయ్య ఒళ్ళో పెట్టి, మూత నా చేత్తో నేనే తీస్తాను. ఎనిమిది ముక్కల సంగతి అడుగుతాను, అగ్గిపుల్ల ఇంకా వెలిగించలేదని కూడా చెబుతాను. కానీ అది తర్వాత.

ముందు తేనెటీగల గురించి చెబుతాను. ఖాళీ హాల్లో, రేవు కోసం కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చున్న అమ్మమ్మ ముందు తెర మీద తేనెటీగలు లేచాయని. ఆవిడ ఎలా నవ్వి ఉండేదో నాకు తెలియదు తాతయ్యా, నువ్వే చెప్పు అంటాను.